సభ ముందు పెట్టిన రూల్స్‌ని ఆపాలంటే దారేంటి?

పార్లమెంటు వ్యవహారాలు తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. ఐటీ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) చట్టం సెక్షన్ 87(3) ప్రకారం కేంద్రం చేసిన రూల్స్‌ని ఉభయ సభల ముందు మొత్తం 30 రోజులు ఉంచాలి, తర్వాతి సమావేశాలు ముగిసేలోపు రెండు సభలూ ఒప్పుకుంటే మార్చొచ్చు, రద్దూ చేయొచ్చు, కానీ అప్పటిదాకా వాటి కింద జరిగినవన్నీ చెల్లుతాయట (మరి నష్టపోయినవాడి గతేంటో!). 2012లో రాజ్యసభలో సీపీఎం ఎంపీ పి. రాజీవ్, ఇదే చట్టం కింద వచ్చిన 2011 నాటి ఇంటర్మీడియరీ రూల్స్ (జనం పెట్టే పోస్టులు, సమాచారం విషయంలో వెబ్‌సైట్లు, ఇంటర్నెట్ కంపెనీలు పాటించాల్సినవి) రద్దు కోరుతూ తీర్మానం పెడితే వీగిపోయింది. ఒకవేళ నెగ్గి, లోక్‌సభ అసలు చర్చకే తీసుకోకపోయుంటే రూల్స్ అలాగే ఉండేవా? ఇంకోటి, ఇలా ప్రభుత్వం చేసే రూల్స్‌ని పరిశీలించే పార్లమెంటు సబార్డినేట్ లెజిస్లేషన్ కమిటీకి మనలాంటి మామూలు జనం నేరుగా రాయొచ్చా, ఎంపీని పట్టుకోవాల్సిందేనా? లోక్‌సభ కమిటీలో ఉండేదే 15 మంది, గెజిట్‌లో వచ్చేవన్నీ వాళ్లు చదువుతారంటే నాకైతే నమ్మకం లేదు. ఎవరైనా రాసి జవాబు తెచ్చుకున్నారా?