అప్‌డేట్: బొడ్డు దగ్గర మొదలైన నొప్పి అపెండిసైటిస్‌గా తేలింది

మా తమ్ముడికి బొడ్డు చుట్టూ మొదలై, మర్నాటికి కుడివైపు నడుము దాకా పాకిన నొప్పి గ్యాస్ వల్లనా అని పోయిన నెల ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. మాత్రలతో కాలయాపన చేయక సర్జన్‌కు చూపించమన్న సలహాయే ఫలించింది.

అల్ట్రాసౌండ్‌లో అపెండిక్స్ (పెద్దపేగు మొదట్లో తోకలా ఉండే చిన్న తిత్తి) కనిపించకపోవడంతో తీసిన సీటీ స్కాన్‌లో, అది పెద్దపేగు మొదటి భాగమైన సీకమ్ వెనుక దాగి, వాచి ఉన్నట్లు తేలింది. పొట్ట ముందువైపు నొక్కినప్పుడు నొప్పి అంతగా తెలియకపోవడానికి అదే కారణమట. అపెండిక్స్ మొదలు సీకమ్‌ను అంటిపెట్టుకునే ఉన్నా, కొస మాత్రం ఒక్కొక్కరిలో ఒక్కో దిక్కుకు తిరిగి ఉంటుందని సర్జన్ వివరించారు. లాపరోస్కోపీతో (పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్‌తో) తొలగించారు, మూడో రోజున ఇంటికి వచ్చాడు.

నేను గట్టిగా అనుమానించిన జామగింజల పాత్ర ఏమీ లేదు. లోపల అడ్డుపడినది గట్టిపడిన చిన్న మలం ఉండ.