మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవు: వలస వారసత్వానికి దక్కిన గౌరవమా, వర్గాల మధ్య గీసిన గీతా?

కోరంగి వాసి:
మారిషస్ ప్రభుత్వ సెలవుల పట్టికలో తైపూసం కావడి, మహాశివరాత్రి, ఈదుల్ ఫితర్, చైనీయుల వసంతోత్సవం, క్రిస్మస్‌లతో పాటు మన ఉగాది కూడా ఉంది. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో వచ్చిన 36 మంది ఒప్పంద కూలీలు పోర్ట్ లూయీలో కాలు మోపారు. ఆ రోజును కూడా దేశమంతా స్మరించుకుంటుంది. కోరంగి రేవులో ఓడెక్కి వెళ్లిన తెలుగువారి సంతతి ఇంట్లో ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి వాడుక భాష క్రియోల్ మాట్లాడుతూనే, నడుమ ఎత్తైన దీపపు సెమ్మె నిలిపి, దాని చుట్టూ అడుగులు వేస్తూ నేటికీ రామభజన చేస్తోంది. ఎవరి పండుగనూ కాదనకుండా అన్నిటినీ దేశం తన పండుగలుగా చేసుకున్న ఈ పద్ధతి మిగతా దేశాలకు ఆదర్శమని నా నమ్మకం. భిన్నాభిప్రాయం ఉన్నవారు కారణాలతో సహా తెలియజేయగలరు.

చరిత్ర విద్యార్థి:
కోరంగి వాసి గారూ, రామభజన పట్ల మీకున్న ప్రేమను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. సెలవుల పట్టిక కంటే ముందు ఆ దేశ రాజ్యాంగాన్ని చూడాలి. ఎన్నికల్లో ‘బెస్ట్ లూజర్’ స్థానాల (తగిన ప్రాతినిధ్యం దక్కని వర్గాల నుంచి ఓడిన అభ్యర్థుల్లో మెరుగైనవారికి ఇచ్చే అదనపు సీట్ల) కేటాయింపు కోసం అది జనాన్ని నాలుగు వర్గాలు చేసింది: హిందువులు, ముస్లింలు, చైనా సంతతివారు, జీవన విధానాన్ని బట్టి ఈ మూడింటిలోనూ చేరని ‘సాధారణ ప్రజానీకం’. ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి బానిసలుగా తెచ్చిన వారి సంతతిలో అత్యధికులు ఈ నాలుగో గదిలోనే ఉన్నారు. వారిని బానిసలుగా ఉంచిన ఫ్రెంచి భూస్వాముల సంతతి కూడా అదే గదిలో ఉంది! తాము ఎవరో కాక, ఎవరు కారో చెప్పే పేరు తప్ప ఆ జనానికి రాజ్యాంగం మరో పేరు ఇవ్వలేదు.

1835లో బానిసత్వం రద్దయినప్పుడు నష్టపరిహారం యజమానులకే అందింది. కూలీల వివరాలు రాసిన వలస దస్తావేజులు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి కాబట్టి మన సంతతివారు వాటిలో తాతముత్తాతల పేర్లు వెతుక్కోగలుగుతున్నారు. సొంత పేర్లను చెరిపేసి యజమానులు పెట్టిన పేర్లతో బతికిన వారి పిల్లలకు ఆ అవకాశం ఎక్కడుంది? తమ ఊరు, భాష, దేవుడు ఏవో చెప్పగలిగిన వారికే వారసత్వ వేడుకలు దక్కుతున్నాయి. అందుకే ఇవి సమానంగా పంచిన గౌరవం కావని నేనంటున్నాను.

దీవి బిడ్డ:
చరిత్ర విద్యార్థి గారు చూపిన లోపం నిజమే కానీ, దానికి ఉగాదిని బాధ్యురాలిని చేయడం సరికాదు. బానిసత్వం రద్దయిన ఫిబ్రవరి 1 కూడా అక్కడ సెలవు దినమే. మేకతోలు బిగించిన రవాన్ అనే డప్పును మంటకు కాచి, తోలు బిగుసుకున్నాక వాయిస్తూ పాడే సెగా సంగీతం 2014లో యునెస్కో జాబితాలో చేరింది. ఆ సంగీతం బానిసల నుంచి పుట్టింది, నేడు ఆ దీవిలో అది వినిపించని పెళ్లి అరుదు. పరిష్కరించవలసిన సమస్య ఎన్నికల చట్టంలో ఉంది. వర్గం ప్రకటించని అభ్యర్థుల నామినేషన్లు చెల్లకపోవడాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీ తప్పుపట్టింది. 2014 ఎన్నికలకు తాత్కాలిక సడలింపు ఇచ్చారు. బెస్ట్ లూజర్ స్థానాలు పంచేందుకు వర్గాల జనాభా లెక్కగా మాత్రం 1972 జనగణననే వాడుతూ వచ్చారు.

కోరంగి వాసి:
నాలుగో గది గురించి నేను ఆలోచించలేదని ఒప్పుకుంటున్నాను. తెలుగువాళ్లం కాబట్టి ఉగాది కనిపించగానే సంతోషించి అక్కడే ఆగిపోయాను. అయినా ఉగాది సెలవు తీసేస్తే ఆ బానిసల సంతతి పిల్లలకు ఒరిగేదేమీ లేదు. తెలుగు ఎన్నో ఏళ్లుగా పాఠ్యాంశంగా ఉన్న ఆ దేశపు ప్రాథమిక బడుల్లో, దాదాపు అందరూ మాట్లాడే క్రియోల్‌కు 2012 దాకా చోటు దొరకలేదు. ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించింది. ఇకపై అక్కడి తెలుగు సంఘాలు ఉగాది వేదికపై మన పద్యంతో పాటు క్రియోల్ పాటకూ చోటివ్వాలని, ఫిబ్రవరి 1న లె మోర్న్ కొండ దగ్గర బానిసల స్మృతికి నివాళి అర్పించే చోటికి మన పెద్దలు కూడా పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లాలని కోరుకుంటున్నాను. అక్కడ ఉన్న తెలుగువారెవరైనా ఇది చదువుతుంటే, మీ ఊళ్లో ఇప్పటికే అలా జరుగుతోందో లేదో దయచేసి ఇక్కడ రాయండి.