ఈఎమ్ ట్యాగుకు తెలుగు మాట: ‘అవధారణ’ సరిపోతుందా?

ప్రశ్న: వెబ్ పుటల టెంప్లేటుకు తెలుగులో సూచనలు రాస్తూ ఈఎమ్ ట్యాగును (ట్యాగు అంటే పాఠ్యంలో ఒక మాట ఏ రకమో బ్రౌజరుకు చెప్పే గుర్తు) ‘నొక్కి చెప్పడం’ అనీ, ఐ ట్యాగును ‘వాలు అక్షరాలు’ అనీ అన్నాను. తెరమీద రెండూ ఒకేలా వాలి కనిపిస్తున్నప్పుడు రెండు పేర్లు ఎందుకని తోటి అనువాదకులు అడుగుతున్నారు. పెద్దలు దయచేసి చెప్పగలరు.

జవాబు: రెండు పేర్లూ ఉండవలసిందే. అయితే మొదటిదానికి మన వ్యాకరణంలోనే ‘అవధారణ’ అనే చక్కని మాట ఉందండి. ‘రాముడు వచ్చాడు’, ‘రాముడే వచ్చాడు’ అన్న వాక్యాల మధ్య తేడా తెచ్చే ఏకారాన్ని అవధారణార్థకం అంటాము. ఇంగ్లీషులో గొంతు ఒత్తి పలికి తెచ్చే అర్థాన్ని మనం చాలా చోట్ల ఈ ఒక్క అచ్చుతో తెస్తాము. ఈఎమ్ ట్యాగు చెప్పేది ఆ ఒత్తును. అక్షరం వాలడం బ్రౌజరు దానికి తొడిగిన రూపం మాత్రమే. ఐ ట్యాగు సంగతి వేరు: 1997 నాటి హెచ్‌టీఎమ్‌ఎల్ 4లో (హెచ్‌టీఎమ్‌ఎల్ అంటే వెబ్ పుటలు రాసే భాష) అది కేవలం వాలు రూపమే కాగా, 2014లో ప్రమాణమైన హెచ్‌టీఎమ్‌ఎల్ 5 దానిని పరభాషా పదాలు, పారిభాషిక పదాలు వంటివాటిని వేరుగా చూపడానికి కేటాయించింది.

అనువాదకులు ఒక విషయం గమనించాలి. ఇంగ్లీషు మూలంలో ‘హీ’ అన్న పదానికి ఈఎమ్ ట్యాగు ఉంటే, తెలుగులో ‘అతడే’ అన్నప్పుడు ఆ పని ఏకారమే చేసింది. మళ్ళీ ట్యాగును కూడా మోసుకురావడం అనవసరమని నా అభిప్రాయం.

ఇక వాలు రూపం మన లిపికి నప్పదు. ప్రత్యేకంగా గీసిన ఇటాలిక్ లేని ఫాంటులో బ్రౌజరు నిటారు అక్షరాన్నే పక్కకు వంచుతుంది కనుక, తలకట్టు కుడికీ కింది ఒత్తు ఎడమకూ జరిగి చదవడం కష్టమవుతుంది. తెలుగు పాఠ్యంలో అవధారణను మందమైన అక్షరాలతోనో రంగుతోనో చూపేలా స్టైల్‌షీటులో, అంటే పుట రూపాన్ని నిర్ణయించే ఫైలులో, రాసుకోవచ్చు. కాని అందుకు, ఏది తెలుగో బ్రౌజరుకు తెలిసేలా, టెంప్లేటు మొదట్లో ఉండే హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగులో భాషను ‘టీఈ’ అనే సంకేతంతో ప్రకటించాలి. చాలా టెంప్లేట్లలో అక్కడ ఇంగ్లీషు సంకేతమే మిగిలిపోతున్నది; అప్పుడు చూపులేనివారు వాడే స్క్రీన్ రీడరు తెలుగు వాక్యానికి ఇంగ్లీషు గొంతును ఎంచుకునే ప్రమాదం ఉంది. నాకు అన్నిటికంటె బాధ కలిగించేది ఇదే.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండి. ‘అవధారణ’ అనే మార్చి, భాషా సంకేతాన్ని ఈ రోజే సరిచేస్తాను. స్ట్రాంగ్ ట్యాగుకు ‘ప్రాముఖ్యం’ అనుకుంటున్నాను, ఇంతకంటె తగిన మాట ఉంటే చెప్పండి.