వాడేవాళ్లు తక్కువైతే పోటీకి దిగాలా?

ఆదివారం_కోడర్:
మేం ముగ్గురం, ఆదివారాల్లో తీరిక చేసుకుని, ఆరేళ్లుగా ఒక చిన్న ఉచిత ప్రోగ్రాం నడుపుతున్నాం. సెకనుకి 23.976 ఫ్రేముల సినిమాని 25కి మారిస్తే సబ్‌టైటిళ్లు మాటల వెనక పడతాయి కదా, వాటిని సరిచేస్తుంది. అంతే. ఈమధ్య మాలో ఒకరికి టెన్షన్ పట్టుకుంది. అదే పని చేసే ఇంకో ప్రోగ్రాంకి మనకంటే ఎన్నో రెట్లు స్టార్లు (కోడ్ పెట్టే సైట్లో నచ్చినవాళ్లు నొక్కే గుర్తులు) ఉన్నాయట, మెనూలన్నీ దానిలాగే మార్చేద్దామంటున్నారు. అమ్మేది లేదు, కొనేది లేదు, ఇంక పోటీ ఎవరితో?

బగ్_వేట:
ఉబుంటు, అదే విండోస్‌కి బదులు వాడే ఉచిత లినక్స్ సిస్టమ్, దాని బగ్‌ల జాబితాలో ఒకటో నంబరు ఏంటో తెలుసా? మార్కెట్‌లో ఎక్కువ వాటా మైక్రోసాఫ్ట్‌ది కావడం! 2004లో ఉబుంటు మొదలుపెట్టిన మార్క్ షటిల్‌వర్త్ రాశారు, 2013లో మూసేశారు. డెస్క్‌టాప్‌లో గెలిచి కాదు, ఈలోగా ఫోన్లూ టాబ్లెట్లూ వచ్చి లెక్కే మారిపోయింది. ఆ ఉబుంటుకి పునాది డెబియన్ అనే ఇంకో ఉచిత లినక్స్. వాళ్లు 1997లో రాసుకున్న సామాజిక ఒప్పందంలో మార్కెట్ వాటా ఊసే లేదు.

నక్కతోక:
అంత తేలిగ్గా తీసేయకండి. కొన్ని సైట్లని క్రోమ్‌లో మాత్రమే పరీక్షించి వదిలేస్తారు. ఫైర్‌ఫాక్స్‌లో బటన్ ఎంత నొక్కినా ఉలకదు పలకదు. తప్పు సైటుది, తిట్లు బ్రౌజర్‌కి. ప్రింటర్ లాంటివాటిని పనిచేయించే డ్రైవర్లదీ అదే కథ, వాడేవాళ్లు కనపడకపోతే లినక్స్ కోసం ఎవరు రాస్తారు? పక్కవాళ్లు కలిసొస్తేగానీ పని జరగని చోట తలల లెక్క కావాల్సిందే. మీ సబ్‌టైటిల్ ఫైలు మామూలు టెక్స్టేగా, మీకు ఆ బాధ లేదు.

పాత_టెర్మినల్:
వాడేవాళ్లు పెరిగితే చేసేవాళ్లూ పెరుగుతారనుకోకండి. ఫైళ్లని కుదించే ఎక్స్‌జెడ్ అనే ప్రోగ్రాం దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంది. ఏళ్ల తరబడి దాన్ని చూసుకున్నది ఒక్క మనిషి. ఆయన అలసిపోయి ఉన్నప్పుడు సాయం చేస్తానంటూ చేరినవాడే 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొడ్డిదారి పెట్టాడు. 2024 మార్చిలో, ఎస్ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యం ఎందుకవుతోందా అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ తవ్వబట్టి బయటపడింది.

ఆదివారం_కోడర్:
ఇది చదివాక స్టార్లు వదిలేసి, ఈ ఏడాది బయటినుంచి వచ్చిన ప్యాచ్‌లు (వేరేవాళ్లు రాసి పంపిన కోడ్ మార్పులు) చూశాను. మొత్తం నాలుగు. అందులో ఒకటి ఐదు నెలలుగా నేను తెరవనే లేదు. పంపినావిడ రెండుసార్లు గుర్తు చేశారు కూడా. సిగ్గేసింది. నిన్న రాత్రి కూర్చుని కలిపేశాను, నా కోడ్‌కంటే శుభ్రంగా ఉంది. మెనూలు మార్చడం లేదు. ఒక్క 'సేవ్' డబ్బా మాత్రం అవతలివాళ్లదే బాగుంది, అది కాపీ కొడుతున్నాం.