పెద్దవారికి ఫోన్ పనులు నేర్పాలా, పిల్లలే చేసిపెట్టాలా?

అమలాపురం సభ్యుడు (చర్చ ప్రారంభించినవారు):

కోనసీమలో చాలా ఇళ్లలో పిల్లలు హైదరాబాదులోనో గల్ఫ్ దేశాలలోనో ఉంటున్నారు. ఊళ్లో మిగిలింది అరవై, డెబ్భై దాటినవారే. పింఛనుదారులు తాము బతికే ఉన్నట్టు ఏటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రం, రైతుల ఈ-కేవైసీ (ఆధార్‌తో గుర్తింపు నిర్ధారణ), కరెంటు బిల్లు, బ్యాంకు లావాదేవీలు అన్నీ ఫోన్‌లోకి వచ్చేశాయి. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లోనే పౌర సేవలు ప్రారంభించింది. ఈ పనులను పెద్దవారికి ఓపికగా నేర్పడం మంచిదా, లేక ఆ వయసులో వారిని శ్రమపెట్టకుండా పిల్లలో, గ్రామ సచివాలయ సిబ్బందో చేసిపెట్టడం మంచిదా? మా ఇంట్లోనే దీనిపై రెండు మాటలున్నాయి. సభ్యులు కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

భీమవరం సభ్యుడు:

చేసిపెట్టడమే మంచిదని నా అభిప్రాయం. చెరువు లీజు సొమ్ము, ధాన్యం సొమ్ము, జీవితకాలపు పొదుపు అంతా ఒకే ఖాతాలో ఉన్న పెద్దాయన చేతికి ఆ ఖాతాతో ముడిపడిన ఫోన్ ఇవ్వడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. మా పెదనాన్నగారికి పోలీసు దుస్తుల్లో ఉన్న ఒకడు వీడియో కాల్ చేసి, మీ ఆధార్‌తో నేరం జరిగింది, కాల్ కట్ చేయకుండా గదిలోనే కూర్చోండి అని బెదిరించాడు. మా పెద్దమ్మ భోజనానికి పిలవడానికి వెళ్లి చూడబట్టి సరిపోయింది. ‘డిజిటల్ అరెస్టు’ అనేది చట్టంలో లేనే లేదని మనకు తెలుసు; జీవితమంతా పోలీసు మాటకు భయపడి బతికినవారికి ఆ క్షణంలో అది గుర్తుకు వస్తుందా? ఇంత ఆందోళన తలకెత్తుకోమని వారిని అడిగే హక్కు మనకు లేదు.

రాజోలు సభ్యురాలు:

భీమవరం వారు చెప్పిన భయం నిజమైనదే. అయితే పెదనాన్నగారికి వచ్చింది కేవలం ఒక ఫోన్ కాల్. బిల్లులు మనం కట్టిపెట్టినంత మాత్రాన ఆ కాల్ రాకుండా ఆగదు. ఫోన్ ఎలా పనిచేస్తుందో ఏమీ తెలియనివారే దానిని ఎక్కువగా నమ్ముతారు.

మా వైపు ఇళ్లలో నేను చూసిన విషయం చెబుతాను. కూతురు గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లిన తల్లులు, బడి మొహం చూడనివారు కూడా, వీడియో కాల్ చేయడం నేర్చుకున్నారు. కొన్ని దేశాలలో వాట్సాప్ కాల్ కలవదని తెలిసి ఐమో వాడకమూ నేర్చుకున్నారు. వారికి ఎవరూ శిక్షణ తరగతులు పెట్టలేదు. బిడ్డ ముఖం చూడాలన్న ఆశే నేర్పింది. అందువల్ల వయసు మీద పడితే బుర్రకు ఎక్కదన్న మాటను నేను ఒప్పుకోలేను.

మనం నేర్పే పద్ధతిలోనే లోపం ఉంది. “ఇలా ఇవ్వు నాన్నా” అని ఫోన్ లాక్కుని టకటకా నొక్కి తిరిగి ఇచ్చేస్తాము. మా మామయ్యగారి పక్కన కూర్చుని గమనించినప్పుడు, ఆయన వేలిని కాలింగ్ బెల్ మీద పెట్టినట్టు తెర మీద గట్టిగా అదిమి ఉంచుతున్నారని అర్థమైంది. అలా అదిమితే యాప్ తెరుచుకోదు, దానిని తొలగించాలా అని అడుగుతుంది. దానితో ఆయన కంగారుపడి ఫోన్ పక్కన పెట్టేసేవారు. తాకీ తాకనట్టు తాకి తీయమని చెప్పి, అక్షరాలు పెద్దవి చేసి, మొదటి తెర మీద ఆయనకు కావలసిన నాలుగు యాప్‌లే ఉంచాము. తర్వాత కూరగాయల బండి వద్ద పది రూపాయలు ఆయన చేతనే పంపించాము. నా చేతులు నేను కట్టుకుని నిలబడడమే అన్నిటికన్నా కష్టమైంది.

ఇక పిన్ సంగతి. చేసిపెట్టడం అంటే ఆచరణలో పిన్ ఇంకొకరికి చెప్పడమే. ఆ ఇంకొకరు ఒక్కోసారి వీధి చివరి దుకాణంలోని కుర్రాడు. డబ్బు అందుకోవడానికి పిన్ అవసరం ఉండదు, “డబ్బు వేస్తాము, పిన్ కొట్టండి” అన్నవాడు మోసగాడు అన్న ఒక్క విషయం ఒంటబట్టించగలిగితే సగం మోసాలకు అడ్డుకట్ట పడుతుంది. పిల్లలే చెల్లించాలనుకునే ఇళ్లకు కూడా 2024లో వచ్చిన ‘యూపీఐ సర్కిల్’ ఉంది. పెద్దవారు తమ పిన్ చెప్పకుండానే నెలకు 15,000 రూపాయల వరకు ఖర్చుచేసే అనుమతి కొడుక్కో కూతురికో ఇవ్వవచ్చు. లేదా పెద్దవారు మొదలుపెట్టిన చెల్లింపును పిల్లలు తమ ఖాతా నుంచి ఆమోదించవచ్చు.

లంక గ్రామ సభ్యుడు:

గోదావరి మధ్య ఉన్న మా లంకల్లో వరద సమాచారం ఒకప్పుడు దండోరాతో తెలిసేది. ఇప్పుడు ధవళేశ్వరం ఆనకట్ట వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారన్న కబురు ముందుగా ఫోన్‌కే వస్తోంది. పశువులను ఏటిగట్టు మీదికి ఎప్పుడు తోలాలో తేల్చేది ఇంటి పెద్దే కాబట్టి, ఆ సందేశం ఆయనే చదువుకోగలగాలి, లేదా ఫోన్ చేత చదివించుకోగలగాలి. కాబట్టి నేర్పాలి. కానీ నేర్పామన్న సాకుతో, మనుషులు పని చేసిపెట్టే కౌంటర్లు మూయకూడదు. కొబ్బరి ఒలుపు కార్మికులకు వేలిముద్రలు అరిగిపోయి యంత్రం మీద పడవు. ముఖ గుర్తింపుకు కళ్లు ఆర్పమంటే, శుక్లాలున్న ముసలమ్మ ఏ సూచన చూసి ఆర్పుతుంది? 2022 మే నెలలో మా జిల్లాలో ఇంటర్నెట్ ఆపివేసినప్పుడు, ఫోన్ నేర్చినవారూ నేర్వనివారూ ఒక్కలాగే ఆగిపోయారు.

భీమవరం సభ్యుడు:

రాజోలు వారు పిన్ గురించి చెప్పింది ఒప్పుకుంటున్నాను. చెల్లింపులు ఇంకొకరి చేతిలో పెట్టడమూ క్షేమం కాదు. అయినా పెద్ద మొత్తాలున్న ఖాతాను ఫోన్‌కు కలపకూడదన్న నా మాటను వదులుకోను. ఇంటి ఖర్చుకు సరిపడా సొమ్ముతో వేరే ఖాతా తెరిచి, దానికి మాత్రమే యూపీఐ పెట్టి నేర్పండి. ఫోన్ వెనుక సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930 పెద్దగా రాసి అంటించండి. సొమ్ము పోయిన వెంటనే ఆ నంబరుకు ఫిర్యాదు చేస్తే, అది చేతులు మారకముందే నిలిపివేసే అవకాశం ఉంటుంది. ఇక లంక గ్రామం వారు చెప్పిన కౌంటర్ల విషయంలో మన ముగ్గురికీ తేడా లేదు.