శాసనసభ్యుని కార్యాలయం నుంచి పథకాల సమాచారం ఊళ్లకు చేరడానికి ఏ పద్ధతి మేలు?

ప్రశ్న – మంజీర తీరం

నేను తెలంగాణలోని ఒక గ్రామీణ నియోజకవర్గ శాసనసభ్యుని క్యాంపు కార్యాలయంలో ఇటీవల చేరాను. వచ్చిన దరఖాస్తులను చూడడం, ప్రభుత్వ పథకాల వివరాలను ఊళ్లకు చేరవేయడం నాకు అప్పగించిన పనులు. ప్రస్తుతం మా దగ్గర మండలానికొక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో పర్యటనల ఫొటోలు, శంకుస్థాపన వీడియోలు, పండుగ శుభాకాంక్షలు రోజంతా వస్తూనే ఉంటాయి. దరఖాస్తుకు చివరి తేదీ వంటి పనికొచ్చే సంగతి ఎప్పుడైనా పెట్టినా, గంట తిరిగేసరికి అది ఫొటోల కింద పడి కనిపించకుండా పోతుంది. గ్రూపుల్లో ఉన్నవారిలో ఎక్కువమంది పార్టీ కార్యకర్తలే కావడంతో సమాచారం వారికి కావలసిన ఇళ్లకే వెళ్తోందేమోనన్న అనుమానం కూడా నాకు ఉంది.

ఉదయం ఏడు గంటలకే కార్యాలయం ముందు జనం చేరుతారు. వారిలో చాలామందికి సిఫార్సు అక్కరలేదు. తమ కాగితం ఎక్కడ ఆగిందో తెలిస్తే చాలు. మొన్న ఒక పెద్దాయన ముఖ్యమంత్రి సహాయ నిధి కోసమని ప్లాస్టిక్ కవరులో ఆసుపత్రి బిల్లులు తెచ్చారు. చూస్తే అన్నీ జిరాక్సు ప్రతులే. అసలు బిల్లులు కావాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఇంట్లో అవి ఎక్కడున్నాయో ఆయనకు గుర్తు లేదు. ఇటువంటివారికి ముందుగానే ఏం చెప్పాలి, ఎవరి ద్వారా చెప్పాలి, కార్యాలయం పనిని పార్టీ ప్రచారం నుంచి ఎంతవరకు వేరుచేయవచ్చు అన్న విషయాల్లో అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

జవాబు 1 – విశ్రాంత తహసీల్దారు

మీరు కొత్త గ్రూపులు తెరవడానికి ముందు చేయవలసిన పని ఒకటుంది. మీ ఎదుటికి వచ్చే పనుల్లో శాసనసభ్యుని సంతకం నిజంగా అవసరమైనవి ఏవో, అవసరం లేనివి ఏవో విడదీసి, ఆ సంగతిని ప్రజలకు బాహాటంగా చెప్పండి. ముఖ్యమంత్రి సహాయ నిధికి ప్రజాప్రతినిధి లేఖ కావాలి. నిమ్స్ వంటి ఆసుపత్రిలో చికిత్సకు ముందే ఎల్‌వోసీ (ఖర్చు ప్రభుత్వం భరిస్తుందన్న హామీ పత్రం) కావలసినవారు కూడా మీ కార్యాలయానికే వస్తారు. ఆడపిల్ల పెళ్లికి సాయమిచ్చే కల్యాణలక్ష్మి దరఖాస్తు తహసీల్దారు విచారణ ముగిశాక శాసనసభ్యుని వద్దకు వస్తుంది. కుల, ఆదాయ ధ్రువపత్రాల సంగతి వేరు. వాటికి మీ-సేవ కేంద్రం చాలు. ఆరోగ్యశ్రీ కింద చికిత్సకు ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను కలిస్తే చాలు. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయవచ్చు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు 1987 నాటి న్యాయ సేవల చట్టం ఆదాయ పరిమితితో నిమిత్తం లేకుండానే ఆ సహాయాన్ని కల్పించింది.

ఈ వివరాలను మీ కార్యాలయం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. అక్కడ పనిచేసే కొందరికి ఇది రుచించదని ముందే చెబుతున్నాను. జనం తిరగడం తగ్గితే తమ పలుకుబడి తగ్గుతుందన్న లెక్క ప్రతి క్యాంపు కార్యాలయంలోనూ ఎవరో ఒకరికి ఉంటుంది. అయితే అవసరం లేని లేఖ కోసం కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషి, ఆ లేఖతో పని లేదని మండల కార్యాలయంలో తెలుసుకున్న రోజున ఎవరిని తిట్టుకుంటాడో మీరే ఊహించవచ్చు.

ఇక ఏం చెప్పాలన్నది. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరు 9న 10 లక్షల రూపాయలకు పెంచిన సంగతి పత్రికల్లో, ఫ్లెక్సీల్లో అందరూ చూశారు. తమ జబ్బుకు దగ్గరలో ఏ ఆసుపత్రి జాబితాలో ఉంది, చేరేటప్పుడు ఏ కార్డు చూపాలి, ఆసుపత్రివారు డబ్బు అడిగితే 104కు ఎలా ఫిర్యాదు చేయాలి అన్న మాటలు మాత్రం ఏ ఫ్లెక్సీలోనూ ఉండవు. మీ కరపత్రంలో ఉండవలసినవి అవే. మీరు చెప్పిన పెద్దాయన విషయానికి వస్తే, సహాయ నిధి కరపత్రం ఆయనకు డిశ్చార్జి కాకముందే అందాలి. అసలు బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసు పుస్తకం అన్నీ ఒకే సంచిలో దాచుకోవాలనీ, ఆధార్‌లో, బ్యాంకు ఖాతాలో పేరు ఒకే విధంగా ఉండాలనీ రోగి ఆసుపత్రిలో ఉండగానే ఇంటివారికి తెలియాలి. ప్రతి ఊరి ఆశా కార్యకర్త దగ్గర ఇటువంటి కాగితాలు కొన్ని ఉంచితే ఆ పని జరుగుతుంది.

పథకం మంజూరు కాలేదన్న మాట కూడా సమాచారమే. 2025 జనవరి 21 నుంచి 24 వరకు జరిగిన గ్రామసభల్లో ఇందిరమ్మ ఇళ్లు, రేషన్ కార్డుల జాబితాలు చదివినప్పుడు చాలాచోట్ల గొడవలు జరిగాయి. పేరు ఎందుకు లేదో చెప్పగలిగినవారు అక్కడ లేకపోవడం ఆ గొడవలకు ఒక కారణమని నా అభిప్రాయం. మొదటి విడతలో నియోజకవర్గానికి 3,500 ఇళ్లని ప్రభుత్వం ప్రకటించింది. దరఖాస్తులు అంతకు ఎన్నో రెట్లు ఉన్నప్పుడు ఆ అంకెను దాచడం వల్ల ఒరిగేదేమీ లేదు. సమాచార హక్కు చట్టం 2005లోని నాలుగో సెక్షను ప్రకారం సబ్సిడీ పథకాల అమలు తీరును, లబ్ధిదారుల వివరాలను కార్యాలయాలు ఎవరూ అడగకుండానే వెల్లడించాలి. అది స్థానిక భాషలో, ఆ ప్రాంతానికి అనువైన పద్ధతిలో ఉండాలని కూడా అదే సెక్షను చెబుతుంది. మీ శాసనసభ్యుడు మండల సమావేశాల్లో అధికారులను ఈ వివరాలు ఊరివారీగా ఇమ్మని అడిగితే, మీకు కావలసిన సరుకు నెలనెలా దానంతటదే వస్తుంది.

జవాబు 2 – సంఘాల అక్క

పైన తహసీల్దారు గారు చెప్పిన దానితో ఏకీభవిస్తూనే, సమాచారం ఎవరి చేతికి చేరుతోందన్న విషయం కొంచెం వివరంగా చెప్పాలనిపించింది. నేను మహిళా సంఘాలతో పనిచేస్తాను. మా ఊళ్లలో స్మార్ట్‌ఫోన్ చాలా ఇళ్లలో కొడుకు దగ్గరో, భర్త దగ్గరో ఉంటుంది. వితంతు పింఛను గురించిన సందేశాన్ని మండల గ్రూపులో పెడితే అది చూసేది పాతికేళ్ల కుర్రవాడు. ఆ పింఛను అవసరమైన మనిషి ఆ సమయానికి పత్తి చేనులో ఉంటుంది. అదే సంగతిని గ్రామ సంఘం సమావేశంలో వీవోఏ (సంఘం లెక్కలు చూసే సహాయకురాలు) చదివి వినిపిస్తే, అక్కడికక్కడే నలుగురు ప్రశ్నలు అడుగుతారు, ఫలానా ఇంటామెకు కూడా చెప్పాలని ఇంకొకరు గుర్తుచేస్తారు.

మా ఊరి పంచాయతీ ట్రాక్టరు పొద్దున్నే చెత్త కోసం ప్రతి వీధికీ తిరుగుతుంది; దానికి మైకు ఉంది. మాకు దానిని మించిన చాటింపు లేదు. పంచాయతీ కార్యదర్శికి రెండు నిమిషాల మాటలు రికార్డు చేసి పంపండి. అందులో పథకం పేరు, కావలసిన కాగితాలు, చివరి తేదీ, వెళ్లవలసిన చోటు మాత్రమే ఉండాలి. నాయకుని పొగడ్తతో మొదలైతే జనం తమ పనిలో తాము పడతారు. రేషన్ దుకాణం, అంగన్‌వాడీ కేంద్రం, పోస్టాఫీసు గోడలను కూడా వాడుకోండి. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ జరగాలి కాబట్టి, దానికి మీ తరఫున ఒకరు వెళ్లి, కిందటిసారి వచ్చిన దరఖాస్తులు ఏ దశలో ఉన్నాయో చదివితే బాగుంటుంది. కలెక్టరేటులో సోమవారం ప్రజావాణికి వెళ్లేవారికి, రశీదు తీసుకోకుండా తిరిగి రావద్దని కూడా చెప్పండి. చాలామంది అర్జీ ఇచ్చి, చేతులు జోడించి వచ్చేస్తారు.

ఇంకొక జాగ్రత్త. కల్యాణలక్ష్మి కింద 1,00,116 రూపాయల చెక్కును పట్టుకుని నిలబడ్డ తల్లుల ఫొటోలు గ్రూపుల్లో పెడుతుంటారు. పెద్దది చేసి చూస్తే చెక్కు మీది వివరాలన్నీ చదవవచ్చు. దరఖాస్తు తప్పిపోతుందేమోనన్న భయంతో ఆధార్ కార్డును, పాసు పుస్తకాన్ని గ్రూపులోనే పెట్టేవారు కూడా ఉన్నారు. వీటిని చూసి పథకం మంజూరైందంటూ ఫోన్ చేసే మోసగాళ్లకు కొదవ లేదు. కాగితాలు గ్రూపులో పెట్టవద్దనీ, డబ్బు పోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలనీ ప్రతి సందేశం చివర రాయండి.

జవాబు 3 – ఎడిసన్ వాసి

నేను అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో ఉంటాను. ఇక్కడి పరిస్థితులు వేరు కాబట్టి పోలిక ఎంతవరకు కుదురుతుందో మీరే చూసుకోండి. ఈ రాష్ట్రంలో 40 శాసన జిల్లాలు ఉన్నాయి; ఒక్కొక్క దాని నుంచి ఒక సెనేటరు, ఇద్దరు అసెంబ్లీ సభ్యులు ఎన్నికవుతారు. వారి కార్యాలయాల నుంచి ఈమెయిలులో వచ్చే లేఖల్లో సొంత గొప్పలు ఇక్కడ కూడా తక్కువేమీ కాదు. అయినా ఆస్తి పన్ను ఉపశమనానికి గడువు ఎప్పుడు, చలికాలపు ఇంధన బిల్లులకు సాయం ఎవరు చేస్తారు, ఉచిత ఆహార పంపిణీ ఏ రోజున ఎక్కడ అన్న వివరాలు వాటిలో వరుసగా ఉంటాయి. యాంకర్ అనే పన్ను ఉపశమన పథకం సొంత ఇల్లు ఉన్నవారికే కాక అద్దెకుండేవారికీ వర్తిస్తుందని మా అపార్టుమెంట్లలోని చాలామంది తెలుగువారికి తెలిసింది అటువంటి లేఖ వల్లనే.

నాకు నచ్చినది మరొకటి. ఏ పని తమది కాదో ఆ కార్యాలయంవారు స్పష్టంగా చెబుతారు. వీసా, పాస్‌పోర్టు వ్యవహారాలు రాష్ట్రం చేతిలో లేనివి కాబట్టి, వాటి కోసం వెళ్లినవారిని అమెరికా కాంగ్రెస్ (దేశ చట్టసభ) సభ్యుని కార్యాలయానికి పంపుతారు. తహసీల్దారు గారు చెప్పిన విభజన అటువంటిదే అనుకుంటాను.

ప్రశ్న అడిగినవారి స్పందన – మంజీర తీరం

అందరికీ కృతజ్ఞతలు. గ్రామ సంఘాలతో, పంచాయతీ కార్యదర్శులతో ఈ వారంలోనే మాట్లాడతాను. ఒక చిక్కు మాత్రం మిగిలింది. సార్ ఫొటో లేకుండా కరపత్రం వేయడానికి మా వాళ్లు ససేమిరా ఒప్పుకోవడం లేదు. దానికేమి చేయాలి?

జవాబు – విశ్రాంత తహసీల్దారు

దాని కోసం పోట్లాడి మీ పని పోగొట్టుకోకండి. మీరు పంచే కరపత్రం పైన చిన్న ఫొటో వేసుకోనివ్వండి. పార్టీ గుర్తు, రంగులు మాత్రం వద్దనండి. పంచాయతీ, అంగన్‌వాడీ, రేషన్ దుకాణం గోడలకు వెళ్లే ప్రతిని ఫొటో లేకుండా విడిగా వేయించండి. ఎన్నికల కోడ్ వచ్చిన రోజున నాయకుల ఫొటోలున్న కాగితాలన్నీ ఆ గోడల మీది నుంచి తొలగించవలసి వస్తుందని చెబితే, ఎంత పట్టుదల ఉన్నవారైనా దీనికి అడ్డుచెప్పరు. రెండు రకాల మీదా జీవో సంఖ్య, తేదీ తప్పనిసరిగా ఉండాలి. పథకం నిబంధన మారిన వెంటనే గోడ మీది పాత కాగితాన్ని తీసి కొత్తది అతికించే బాధ్యతను ఊరికొకరికి పేరుపెట్టి అప్పగించండి.