బాబు కాలికి లేజర్ చేయించాలా వద్దా? బుధవారమే డేట్

పటమట అమ్మ: పొద్దున్నుంచి రిపోర్టు ముందేసుకుని కూర్చున్నాను, ఒక్క ముక్క అర్థం కావడం లేదు. మా బాబుకి పదిహేడేళ్లు. కుడికాలి బయటివైపు, చీలమండ దగ్గర్నుంచి తొడ దాకా నరాలు వానపాముల్లా ఉబ్బాయి, సాయంత్రానికి కాలు బరువెక్కిపోతోంది. సూర్యారావుపేటలో ఒక డాక్టరు వెరికోస్ వెయిన్స్, లేజర్ చేసేద్దాం అన్నారు. ఇంకొకరు అసలు ముట్టుకోవద్దన్నారు. ఎవరి మాట వినాలి? సగం డబ్బు కట్టేశాం కూడా.

కొత్తపేట, గుంటూరు: డాప్లర్‌లో, అదే రక్తం పారే తీరు చూసే స్కానింగ్‌లో, కండల లోతున ఉండే సిరల గురించి ఏం రాశారు?

మాస్టారు: అమ్మా, అవి నరాలు కావు, సిరలు. నరం స్పర్శను మోస్తుంది, సిర చెడు రక్తాన్ని గుండెకు తీసుకెళుతుంది. ఈ తేడా తెలియకే జనం నరాల డాక్టరు దగ్గరికి వెళ్లి నెలలు పోగొట్టుకుంటున్నారు.

మిర్చి యార్డు: నర్సు కూడా నరం దొరకట్లేదనే అంటుంది కదా మాస్టారూ, ఇప్పుడది ముఖ్యమా? చెల్లెమ్మా, నాకు రోజంతా నిలబడే పని, నన్ను కాపాడింది కాలిని బిగించి పట్టే ప్రెషర్ సాక్సే. పొద్దున మంచం దిగకముందే తొడగాలి, వాపు వచ్చాక తొడిగితే అంత లాభం ఉండదు. ఎండాకాలం మన బెజవాడలో నరకమే అనుకోండి, అయినా మానకూడదు.

మాస్టారు: ముఖ్యమే. పదం తప్పితే వైద్యం తప్పుతుంది.

కొత్తపేట, గుంటూరు: మామూలు వెరికోస్ ఎక్కువగా కాలి లోపలివైపు వస్తుంది. ఈ వయసులో, ఒక్క కాలికే, అదీ బయటివైపు అంటున్నారు. ఒంటి మీద ఎర్రటి మచ్చ ఉందా? కాళ్లు రెండూ సమానమేనా?

పటమట అమ్మ: ఉందండీ, పుట్టినప్పుడే తొడ మీద నేరేడుపండు రంగు మచ్చ. పుట్టుమచ్చే కదా అని రాయలేదు. కుడి ప్యాంటు కాలు ఎప్పుడూ పైకే ఉంటుంది, టైలర్ అటువైపు అంగుళం ఎక్కువ వదులుతాడు.

కొత్తపేట, గుంటూరు: ఇది మొదటే చెప్పాల్సింది. నేను స్కానింగ్ గదిలో పనిచేస్తాను, డాక్టర్ని కాను. కానీ మచ్చ, ఉబ్బిన సిరలు, పెరిగిన కాలు మూడూ కలిస్తే క్లిపెల్ ట్రెనోనే సిండ్రోమ్ అనుమానిస్తారు. 1900లో ఫ్రాన్స్ డాక్టర్లిద్దరు రాసిన అరుదైన జబ్బు. ఇందులో కొందరికి కండల లోతున ఉండే పెద్ద సిర సన్నగా ఉంటుంది, ఒక్కోసారి ఉండనే ఉండదు, అప్పుడు రక్తం పైకి పోయేది ఈ ఉబ్బిన వాటిలోంచే. లేజర్‌తో వాటినే మూసేస్తే కాలు ఇంకా వాస్తుంది. లోతున ఉన్న ఆ దారి బాగుందని తేలితే లేజర్ చేయొచ్చు, చేస్తున్నారు కూడా. వాస్కులర్ సర్జన్‌ని, అంటే రక్తనాళాల సర్జన్‌ని కలవండి, అవసరమైతే ఎమ్మారై వీనోగ్రామ్, అంటే సిరలు చూసే స్కాన్ రాస్తారు. ఈ జబ్బులో రక్తం గడ్డకట్టే గుణం కూడా ఎక్కువ, కాబట్టి ఉన్నట్టుండి వాపు గానీ ఆయాసం గానీ వస్తే ఆగకుండా క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.

పటమట అమ్మ: మాది మేనరికం. దానివల్లే అని మా అత్తగారు పదిహేడేళ్లుగా అంటూనే ఉన్నారు.

కొత్తపేట, గుంటూరు: కాదమ్మా. బిడ్డ కడుపులో పెరిగేటప్పుడు కొన్ని కణాల్లో మాత్రమే జరిగే జన్యు మార్పు అది, ఎక్కువమందిలో పీఐకే3సీఏ అనే జన్యువులో. తల్లిదండ్రుల నుంచి రాదు.

మాస్టారు: సిండ్రోమ్‌ని జబ్బు అనకూడదు, లక్షణాల కూటమి అనాలి.

మిర్చి యార్డు: సాక్సు కొలత మాత్రం పొద్దున్నే ఇప్పించు చెల్లెమ్మా, రెండు కాళ్లకీ విడివిడిగా.

పటమట అమ్మ: రిపోర్టు రెండో పేజీలో తొడలో లోతున ఉండే సిర సరిగా కనపడలేదని ఉంది. బుధవారం వద్దని ఫోన్ చేసేశాను. థాంక్స్ అండీ, బాబు ట్యూషన్ నుంచి వచ్చాడు.